పనికి ప్రాణమేది?

కొల్లూరు నేడు వట్టి పల్లె కాదు. ఔటర్ రింగు రోడ్డు దాని ప్రక్కనుండి పోవుచున్నది. 2023వ సంవత్సరము జూన్ మాసమున 15,660 రెండు పడకగదుల యిండ్ల సముదాయ మచ్చట ప్రారంభోత్సవము నొందినది. పేదకుటుంబములకు నీడ దొరకినందుకు ఎల్లరును సంతసింపవలసినదే. ఇట్టి గృహవసతి పథకములలో నూటికి 5 వంతులు వికలాంగులకు ప్రత్యేకింపవలెనని 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము తన 37వ సెక్షనున శాసించుచున్నది. కాని నీడ దొరకినంతమాత్రమున కూడు దొరకదు గదా! కొల్లూరునకు కూడు పటాన్‌చెరు, పాశమైలారము, రామచంద్రాపురము కర్మాగారములనుండి రావలసియున్నది. వికలాంగునకు ఇంటితలుపు తెఱచిన చట్టము కర్మాగారపు గేటుకడకు వచ్చుసరికి నీరసించుచున్నది. ఇందులకు కారణమేమి? ఈ వారము మేము పాఠకులకు విన్నవింపదలచిన విషయ మిదియే.

పారిశ్రామికవాడల గోడలమీద అంటించెడు ప్రకటనలను మన పాఠకు లెందఱో చూచియుందురు. "హెల్పర్లు కావలెను, ఆరోగ్యవంతులు, దృఢకాయులు మాత్రమే రావలెను." ఇంతే. ఇందు మనిషి దేహమును గూర్చి యున్నది. పనిని గూర్చి యొక్క ముక్కయు లేదు. హెల్పరు ఏమి చేయవలెను? కూర్చుండి చేయునా, నిలిచి చేయునా? ఎత్తవలెనా, ఎంచవలెనా, చదువవలెనా? ప్రకటన వ్రాయించిన గుమాస్తాకును తెలియదు. గేటుకడ నిలిచిన కాంట్రాక్టరుకును తెలియదు. తెలియని పనికి తగినవాడెవడో, తగనివాడెవడో మాత్రము వీరు నిమేషములో నిర్ణయింతురు. కాలు కుంటుచు వచ్చినవానిని నఖశిఖపర్యంతము చూచి "నీకు పని లేదు" అందురు. పనికేమి కావలెనో ముందు వ్రాసికొని, పిమ్మట మనిషిని చూడవలెనని మా వాదము. ఈ క్రమము తలక్రిందులైన చోటనే అన్యాయము పుట్టుచున్నది.

ఒక యుదాహరణము తీసికొందము. మందుల కర్మాగారమున మాత్రలపెట్టెలు కట్టెడు పని యున్నదనుకొనుడు. పనివాడు మాత్రల అట్టలను లెక్కించి పెట్టెలో నుంచవలెను, బ్యాచి సంఖ్యయు, గడువు తేదీయు సరిచూడవలెను, చీటి యంటింపవలెను, నిండిన పెద్దపెట్టెను గంటకొకమాఱు ఎత్తి బండిమీద పెట్టవలెను. ఈ నాలుగింటిలో ఈ యుద్యోగము దేనికొఱకు ఏర్పడినది? లెక్క తప్పకుండుట కొఱకు, చీటి మాఱకుండుట కొఱకు. ఇవి పనికి ప్రాణము. పెట్టె నెత్తుట పనికి పరివారము వంటిది. ప్రక్కవాడు ఎత్తవచ్చును, చక్రములబల్ల మోయవచ్చును. పోలియోచే కాలు సన్నగిల్లినవాడు చేతులతో, కన్నులతో, శ్రద్ధతో చేయవలసిన పనినంతయు చేయగలడు. అయినను దినమునకు ఎనిమిదిమాఱు లెత్తవలసిన యొక్క పెట్టె అతనికిని, అతని జీవనోపాధికిని నడుమ కొండవలె నిలుచుచున్నది. ఈ కొండను నిలిపినది ప్రకృతి కాదు, మన యాలోచనాలోపము.

ఏది ప్రాణము, ఏది పరివారము అని నిర్ణయించుటకు పాశ్చాత్యదేశములలో కొన్ని ప్రశ్న లేర్పఱచుకొనిరి. అమెరికాలో 1990వ సంవత్సరమున వికలాంగుల చట్టము వచ్చిన పిమ్మట ఈ విచారణ అచ్చటి యజమానులకు నిత్యకృత్యమైనది. ఈ యుద్యోగము ప్రత్యేకముగా నీ విధి కొఱకే ఏర్పడినదా? దినములో నెంతసేపు దానికి వినియోగమగుచున్నది? అది జరుగకున్న కలుగు నష్టమేమి? దానిని పంచుకొనుటకు ఇంకను మనుష్యులున్నారా? పూర్వ మీ యుద్యోగము చేసినవారు నిజముగా దానిని చేసిరా, లేక కాగితముమీదనే యున్నదా? మనిషిని పిలువకముందే వ్రాసియుంచిన ఉద్యోగవివరణ యేమి చెప్పుచున్నది? ఈ ప్రశ్నలలో అర్థము కానిదేదియు లేదు. తెలివిగల మేస్త్రీ యెవ్వడైనను తన కూలీలకు పని పంచునపుడు మనస్సులో వేసికొను ప్రశ్నలే యివి. వానిని కాగితముపై పెట్టుటయే మనకు మిగిలిన పని.

మఱియొక భేదమును గమనింపవలెను. పనివలన రావలసిన ఫలము వేఱు, ఆ ఫలమును రాబట్టెడు ప్రకారము వేఱు. యంత్రము ప్రమాదసూచకముగా కూయగానే దాని నాపవలెననుట ఫలము. ఆ కూతను చెవితోనే వినవలెననుట ప్రకారము మాత్రమే. కూతతోపాటు దీపము వెలిగి యాఱునట్లు అమర్చినచో చెవిటివాడును దాని నాపగలడు. న్యాయాధిపతి సాక్ష్యమును గ్రహించి ధర్మము చెప్పవలెననుట ఫలము. కాగితమును కన్నులతోనే చదువవలెననుట ప్రకారము. చూపు లేనివారిని న్యాయాధికార నియామకములకు దూరముచేసిన మధ్యప్రదేశపు నిబంధనను సుప్రీముకోర్టు 2025వ సంవత్సరము మార్చి 3వ తేదీన కొట్టివేసినది. చూపులేమి యను నొక్క కారణముచేతనే ఎవ్వరిని న్యాయాధికార పదవికి అనర్హులను చేయరాదని తీర్మానించినది. ధర్మాసనమువంటి పదవికే ఈ మాట చెల్లినప్పుడు పెట్టెలు కట్టెడు బల్లకు చెల్లదా?

మన దేశమున ఈ విచారణ బొత్తిగా లేదని మేమనము. 2016వ సంవత్సరపు చట్టము 33వ సెక్షను ప్రకారము ప్రభుత్వము తన యుద్యోగములలో ఏవి ఏ వైకల్యము గలవారు చేయగలరో గుర్తింపవలెను. అందులకు నిపుణుల సంఘమును, అందులో వికలాంగుల ప్రతినిధులను నియమింపవలెను. మూడేండ్లకు మించకుండ ఆ పట్టికను సమీక్షింపవలెను. ఈ చట్టము ననుసరించి కేంద్రప్రభుత్వము 2021వ సంవత్సరము జనవరి 4వ తేదీన 3,566 ఉద్యోగములతో పట్టిక ప్రకటించినది. ప్రతి యుద్యోగమున కెదురుగా చేయవలసిన పని, పనిచోటి పరిస్థితులు, కూర్చుండుట, నిలుచుట, నడచుట, వంగుట, ఎత్తుట, వ్రేళ్లతో పనిచేయుట, చూచుట, వినుట మొదలగు వానిలో ఏవి కావలెనో సంకేతాక్షరములతో సూచించినది. ఇది మెచ్చదగిన ప్రయత్నము. దీని యుద్దేశము తలుపు తెఱచుట.

కాని తెఱచుటకు చేసిన పట్టిక మూయుటకును పనికివచ్చునని మన యనుభవము. చూపులేని యొక యభ్యర్థి సివిల్ సర్వీసు పరీక్షలో నెగ్గియు నియామకము పొందలేక న్యాయస్థానముల నాశ్రయింపవలసివచ్చెను. ఉద్యోగమును ముందుగా గుర్తింపలేదు గనుక ప్రత్యేకస్థానము వర్తింపదని ప్రభుత్వపక్షమున వాదించిరి. గుర్తింపక పోవుట తమ తప్పు. దాని ఫలమనుభవించువాడు మఱియొకడా? సుప్రీముకోర్టు 2010వ సంవత్సరమున ఆ వాదమును త్రోసివేసినది. పట్టికలో పేరు లేని ప్రతి యుద్యోగమును "వికలాంగునకు తగనిది" అని చదివెడు యలవాటు మాత్రము కార్యాలయములను వదలలేదు. ఉద్యోగముయొక్క పేరు చూచి తీర్పు చెప్పరాదు. దానిని విధులుగా విప్పి చూడవలెను. గుమాస్తా యను నొక్క పేరుక్రింద పది కచ్చేరీలలో పదివిధములైన పనులుండును.

ఇందుకు మన తెలంగాణములోనే నడచిన యొక వ్యవహారము మంచి పాఠము. రోడ్డురవాణాసంస్థలో 2014లో డ్రైవరుగా నియమింపబడిన యొకనికి రంగులను గుర్తించు శక్తి లోపించినదని వైద్యపరీక్షలో తేలినది. సంకేతదీపముల రంగు తెలియనివాడు బస్సు నడుపరాదనుట సమంజసమే. వందలప్రాణములతో కూడిన పని యది. రంగెఱుగుట దానికి ప్రాణమే యని మేమును ఒప్పుకొందుము. కాని సంస్థ అంతటితో నాగలేదు. ప్రత్యామ్నాయోద్యోగ మీయక అతనిని పనినుండియే తొలగించినది. ఎలుకలున్నవని యిల్లు తగులబెట్టినట్లయినది. డిపోలలో బస్సు నడుపుట యొక్కటేనా పని? టికెట్టు లెక్కలు, సామానుల గిడ్డంగి, మరమ్మతుల షెడ్డు, కాపలా - వీనిలో నెన్నింటికి ఎఱుపు పచ్చల భేదము తెలియవలెను? ఇట్టి డ్రైవర్లకు వేఱుపని చూపవలెనని 1979 నాటి యొప్పందమును ఆ కార్మికులకు గలదు. తుదకు 2025వ సంవత్సరము ఆగష్టు 1వ తేదీన సుప్రీముకోర్టు ఎనిమిది వారములలో అతనికి తగిన యుద్యోగ మీయవలెననియు, గడచిన కాలపు జీతభత్యములలో నూటికి 25 వంతులు చెల్లింపవలెననియు నాజ్ఞాపించినది. ఒక్కనాడు బల్లకడ కూర్చుండి డిపో పనులపట్టిక వ్రాసియున్నచో తేలిపోవు విషయమునకు ఒక శ్రామికుని యౌవనములో దాదాపు పదేండ్లు వ్యయమైనవి.

ఈ డ్రైవరుకు ప్రభుత్వసంస్థ యజమాని. ఉద్యోగములో నుండగా వైకల్యము కలిగినవానిని తొలగింపరాదను 20వ సెక్షనులోని రక్షణ ప్రభుత్వసంస్థలకే వర్తించును. పటాన్‌చెరు ప్రాంతపు ప్రైవేటు కర్మాగారములలోని పనివాని గతియేమి? 2025వ సంవత్సరము జూన్ 30వ తేదీన పాశమైలారమునందలి యొక ఔషధకర్మాగారమున జరిగిన ప్రేలుడులో ఏబదిమందికి పైగా పనివారు మరణించిరి. మృతులకొఱకు దేశము కన్నీరు కార్చినది. కాలినచేతులతో, చెదరినచెవులతో బ్రతికిబయటపడువారిని గూర్చి, ప్రతి యేడును యంత్రములలో వ్రేళ్లు పోగొట్టుకొనువారిని గూర్చి తలచువా రెందఱు?

నష్టపరిహారపు చట్ట మున్నదందురు. ఉన్నది. 1923వ సంవత్సరపు చట్టమునకు తగిలించిన పట్టికలో బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తి నూటికి 30 వంతులు, ఒక కన్ను పోయి రెండవది బాగుగా నున్నచో 40 వంతులు తగ్గినట్లు లెక్క యుండెను. అవయవమునకు వెల గట్టుట సుళువు. జీవనమునకు వెల గట్టుట సుళువు కాదు. 1975లో సుప్రీముకోర్టు ముందునకు వచ్చిన యొక వడ్రంగి యెడమచేయి మోచేతిపైన పోయినది. ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక అతని సంపాదనశక్తి పూర్తిగా నశించినదని నిర్ణయమైనది. 2010లో మఱియొక తీర్పున ఆ న్యాయస్థానమే ఈ ధర్మమును విశదపఱచినది: ఎడమచేయి పోయినచో డ్రైవరుకు, వడ్రంగికి సర్వస్వము పోయినట్లే, ప్రభుత్వ గుమాస్తా మాత్రము గుమాస్తాగనే యుండవచ్చును. అనగా పోయిన చేయి యొక్కటే; నష్టము వేఱువేఱు. ఆ భేదమును తెలుపునది దేహము కాదు, పని. పరిహార మిచ్చునపుడు న్యాయస్థానములు పాటించెడు ఈ వివేకమును, పని యిచ్చునపుడు యజమానులు పాటింపరాదా? వైద్యుడు పరీక్షించి "పనికి తగడు" అని చీటి వ్రాయును. ఏ పనికి? ఆ చీటిలో నీ ప్రశ్నకు జవాబు లేదు.

ఇచ్చట మఱియొక రహస్య మున్నది. మన పారిశ్రామికవాడలలో కాంట్రాక్టు కూలి నంతటిని "హెల్పరు" అను నొక్క మాటలో నిమిడ్చెదరు. ఉదయము పెట్టెలు కట్టినవాడు మధ్యాహ్నము పీపాలు దొర్లించును. రాత్రి షిఫ్టులో రసాయనముల తొట్టి కడుగును. పని వ్రాయనిచోట యజమాని పనిని కొనుటలేదు, మనిషినంతయు కొనుచున్నాడు. మనిషినంతయు కొనదలచినవానికి దృఢకాయుడే కావలెను. ఒక వ్రేలు తక్కువైనను సరకు చెడినట్లే కనబడును. కావున విధుల నేర్పఱచి వ్రాయుట వికలాంగుల కొఱకు మాత్రమే యని తలపరాదు. తొట్టి కడుగుటకు శిక్షణలేనివానిని తొట్టిలో దింపకుండుటకును ఆ వ్రాత యుపకరించును. గర్భిణియైన పనికత్తెకును, నడుము వంగిన వృద్ధకార్మికునకును అదియే రక్ష. వికలాంగుడు గేటుకడ నడుగు ప్రశ్న లోపలనున్న ప్రతి పనివాని ప్రశ్నయే.

యజమానుల యాక్షేపణలును మే మెఱుగనివి కావు. నలుగురు పనివారున్న చిన్న వర్కుషాపులో ఎవని పని యెవడైనను చేయవలసియుండును. అచ్చట బరువెత్తుటయే ప్రాణవిధి కావచ్చును. నిజమే. చట్టము కోరునది సముచితమైన సర్దుబాటు. యజమానికి మోయరాని భారమైన దానిని కోరుటలేదు. అపాయకరమైన పనులలో ఉపేక్ష కూడదందురు. అదియు నిజమే. విధులను నిజాయితీతో వ్రాసినచో ఏ పని యెవనికి నిజముగా తగదో తేటపడును. మే మాక్షేపించునది జాగ్రత్తను కాదు, జాగ్రత్త పేరిట జరుగు సోమరితనమును. చూడక పోవుట జాగ్రత్త యనిపించుకొనదు.

సాధ్యము కాదనువారికి మన తెలుగుదేశముననే యొక నిదర్శన మున్నది. మచిలీపట్నముచెంత సీతారామపురమున పుట్టుచూపు లేక జన్మించిన బొల్లా శ్రీకాంతుకు పదవతరగతి పిమ్మట విజ్ఞానశాస్త్రము చదువ వీలులేదని యడ్డుపడిరి. ఆయన న్యాయస్థానమునకు పోయి హక్కు సంపాదించెను. పాఠములను చెవితో విని నేర్చెను. పిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చదివెను. 2012లో హైదరాబాదున బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి వికలాంగులకు పని చూపెను. విజ్ఞానశాస్త్రమునకు ప్రాణము బుద్ధియా, నల్లబల్లమీది బొమ్మను చూచుటయా? ఆ ప్రశ్నను నాడు అడ్డుపడినవారు వేసికొనలేదు. వేసికొనక పోయినందువలన ఎందఱు శ్రీకాంతులు పదవతరగతితోనే యాగిపోయిరో యెవరు చెప్పగలరు?

ఇక కర్తవ్యము. 2017వ సంవత్సరపు నిబంధనల ప్రకారము ఇరువదిమందికి తక్కువ కాని పనివారు గల ప్రతి ప్రైవేటుసంస్థయు సమానావకాశ విధానమును ప్రకటింపవలెను. వికలాంగులకు తగిన యుద్యోగముల పట్టికయు, ఎన్నుకొను విధానమును అందుండవలెను. దానిని అంతర్జాలమందు గాని, లేనిచో సంస్థలో నెల్లరకు కనబడుచోట గాని యుంచవలెను. మన పారిశ్రామికవాడలో నెన్ని గేట్లకడ ఈ పట్టిక వ్రేలాడుచున్నదో పాఠకులే పోయి చూచి రావలెనని మా కోరిక. కనబడనిచో వ్రాతమూలకముగా నడుగవలెను. ఆ పట్టిక తెలుగులో నుండవలెను. వలసవచ్చిన పనివారి కొఱకు హిందీలోను, ఒరియాలోను నుండవలెను. దానిని గుమాస్తా యొక్కడే కూర్చుండి వ్రాయరాదు. యంత్రముకడ నిలిచెడు పనివానిని, ఫోర్‌మనును, వికలాంగుల ప్రతినిధిని పిలిచి వ్రాయవలెను. పనిని చేయువానికంటె దాని ప్రాణ మెచ్చటనున్నదో యెఱిగినవా డెవడు? వైద్యునికడకు పంపునపుడు మనిషితోపాటు ఆ పట్టికను గూడ పంపవలెను. ప్రమాదములో దెబ్బతినినవానికి పరిహారపు సొమ్ము చేతబెట్టి గేటు దాటింపకముందు, ఆ పట్టికను ముందుంచుకొని అతనికి తగిన వేఱుపని యున్నదేమో చూచి తీరవలెను. రాష్ట్రప్రభుత్వమును ఈ తుదిమాటను ప్రైవేటుసంస్థలకు గూడ నిర్బంధము చేయుటకు పూనుకొనవలెనని మేము గట్టిగా కోరుచున్నాము.

కొల్లూరి కొత్తయిండ్లలో నేడొక తల్లి కాలు సరిలేని కుమారుని పనికి పంపుచున్నదనుకొందము. వాడు గేటుకడ దయ నడుగుటకు పోవుటలేదు. "మీ పని యేమిటో చెప్పుడు; నేను చేయగలనో లేదో నేను చెప్పెదను" అని యడుగుటకు పోవుచున్నాడు. ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పలేని కర్మాగారము ఎంత పెద్ద యంత్రములు నిలిపినను, తన పనిని తానే యెఱుగనిదని మేము చెప్పక తప్పదు.